గుండుసూదులు

పోజ్నాన్‌లో నాటకశాల వెనక, మూడో అంతస్తులో
మా అమ్మ బొగుమీవ
రాజులకి భుజాలు సరిచేస్తుంది.
చివరి అంకంలో చచ్చిపోయేవాళ్ళకి
నెత్తురు బాగా కనబడేలా తెల్లచొక్కాలు కుడుతుంది.

ఆమె మణికట్టుకి గడియారం లేదు,
గడియారమంత అయస్కాంతం ఉంది.
పొద్దున ఎనిమిదికి నున్నగా ఉంటుంది.
పన్నెండయ్యేసరికి ముళ్లపంది.
బల్లమీది గుండుసూదులన్నీ
పిలవని పేరంటానికొచ్చినట్టు వచ్చి అతుక్కుంటాయి.
"పోన్లే, వెతుక్కునే పని తప్పింది" అంటుంది.

నాలుగు మందులు ఓడిపోయాయి.
మొదటిది జుట్టు తీసుకుంది.
రెండోది మాటలు తీసుకుంది:
కత్తెర అనాల్సిన చోట
"అదేనే... రెండు కాళ్ళది" అనేది,
ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషి.
మూడోది పదకొండు కిలోలు ఇచ్చింది.
నాలుగోది ఏమీ చెయ్యలేదు,
ఉన్నవాటిలో అదే మర్యాదస్తురాలు.
నెలకి పంతొమ్మిదిసార్లు నేల ఆమెని లాక్కునేది.
నా లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో
అన్నీ ఆ గీతలే, అయిదేసి చొప్పున కట్టలు కట్టి.

డాక్టర్ ష్మీగెల్ కాగితం మీద ఒక మెడ గీశాడు.
మెదడు దగ్గర బయల్దేరి, మెడ దిగి,
గుండెని పలకరించి, కడుపుదాకా తిరిగే నాడి.
లాటిన్‌లో దాని పేరుకి దేశదిమ్మరి అని అర్థమట.
ఆ దిమ్మరి కాలికి తీగ చుడతాం అన్నాడు,
మెడ ఎముక కింద, చర్మం లోపల
బిస్కెట్టంత యంత్రం పెడతాం,
అయిదు నిమిషాలకోసారి, ముప్ఫై సెకన్లు
అది వాణ్ణి తడుతుంది.
"తడితే?"
"కొందరికి తగ్గుతుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."
ఆ 'తెలీదు' విని అమ్మ సంతకం పెట్టింది.
తెలుసన్నవాళ్ళని చాలామందిని చూసింది మరి.

ఇప్పుడు అయిదు నిమిషాలకోసారి
అమ్మ గొంతులోకి ఎవరో మగమనిషి వస్తాడు,
జలుబు చేసినవాడు.
"ఒతీలియా, ఉప్పు" దాకా అమ్మ.
"తక్కువైంది" అన్నది అతను.
మేం పేరు కూడా పెట్టుకున్నాం, బోనిఫాత్సి మామయ్య.
టీ కూడా తాగకుండా వెళ్ళిపోతాడు.
నాటకశాల మేనేజరుతో పోట్లాడాల్సొస్తే మాత్రం
అమ్మ అయస్కాంతాన్ని ఛాతీమీద నొక్కిపట్టి
మామయ్యని గుమ్మం బయటే నిలబెడుతుంది.
తిట్టడానికి సొంత గొంతే కావాలంటుంది.

పంతొమ్మిది ఏడయింది.
సున్నా కాలేదు.

నవంబర్. తెల్లారితే మొదటి ప్రదర్శన.
రాణి గౌనుకి ఇంకా అంచు మడవాలి.
అమ్మ కళ్ళు కిటికీ దాకా వెళ్ళి
తిరిగి రాలేదు.
పెదవులు లేనిదాన్ని నమలసాగాయి.
ఏం చెయ్యాలో నాకు తెలుసు.
సూదులు దులిపే తీరిక లేదు.
ఆమె చెయ్యే పట్టుకుని
ఆ ముళ్లపందినే ఆమె గుండెమీద ఈడ్చాను.

ఒకటి. రెండు. తొమ్మిది.
ఎక్కడో చీకట్లో వార్తా నది
ఏ వార్తా చెప్పకుండా పోతోంది.
పద్నాలుగు దగ్గర నమలడం ఆగింది.
ఇరవైకి దగ్గొచ్చింది.
నేల వచ్చింది, వట్టిచేతులతో పోయింది.

జాకెట్టు చిరిగి, లోపల సన్నటి ఎర్రగీత.
నోటుబుక్కులో గీసినలాంటిదే,
నా చేతిరాతే.

గదినిండా సూదులు.
అమ్మ వాటిని చూసింది. నన్ను చూసింది.
బోనిఫాత్సి మామయ్య గొంతుతో అడిగింది:
"ఎవరే నా సూదులు పారబోసింది?"

నేను మోకాళ్ళమీద కూర్చుని
ఏడుస్తూ నవ్వుతూ ఒక్కొక్కటే ఏరుతున్నాను.
"అలా కాదు, లే" అని
అమ్మ వంగి, నేలకి కాస్త ఎడంగా
చెయ్యి తిప్పింది.

అన్నీ వచ్చాయి.